నావాడి గొంతు కాదు

ఉత్తరాన చలిదేశంలో ఉన్న మా ఊళ్ళో, నిద్రపోతున్న పసిబిడ్డ తోపుడుబండి ముసుగు ఎత్తి చూడటమంత తప్పు ఇంకోటి లేదు. దొంగతనం చేసినవాణ్ణయినా కొన్నాళ్ళకు క్షమిస్తారేమో గాని, పడుకున్న బిడ్డను లేపినవాళ్ళతో మాట్లాడరు. చలికాలమైనా, మంచు రాలుతున్నా, పిల్లలకు ఉన్ని టోపీ పెట్టి, ఈకల బొంత కప్పి, పట్టీ బిగించి ఆరుబయటే పడుకోబెడతాం. బయటి గాలికి ఒళ్ళెరగకుండా నిద్రపోతారు. మేమంతా అలా పెరిగినవాళ్ళమే. బేకరీ ముందు గోడవారగా బండ్లు నిలబెట్టి, లోపలికెళ్ళి కాఫీ తాగుతాం. గాలి ఎక్కువైతే బండికి నల్ల ముసుగు వేసి గుండీలు పెట్టేస్తాం. మళ్ళీ బిడ్డ లేచి ఏడిస్తేనే ఆ గుండీలు తీసేది.

బండ్లు కూడా అందరివీ ఒకటే రకం. ఎత్తు చక్రాలు, నల్ల గుడ్డ. అక్క దగ్గరనుంచి చెల్లెలికి, ఈ ఇంటినుంచి ఆ ఇంటికి చేతులు మారుతూ ఉంటాయి. నేను మాత్రం మా అమ్మ పోరు పడలేక హేండిలుకు ఎర్ర రిబ్బను కట్టుకున్నాను. అది చూసినప్పుడల్లా సిసెల్ నవ్వేది. "పెళ్ళికేమైనా తీసుకెళ్తున్నావా మలీనా దాన్ని?" అనేది.

సిసెల్‌ను, గ్రూను, నన్ను ఒకచోట చేర్చింది ఊరి ఆరోగ్య నర్సు. ఒకే కాలంలో కాన్పయిన ఆడవాళ్ళను ఒక జట్టుగా కట్టి, వారానికోసారి కలుసుకోండమ్మా, ఒంటరిగా ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుంది అని చెప్పి వదిలేస్తుంది. మిగతా జట్లు ఏమయ్యాయో తెలియదు గాని మేం ముగ్గురం గట్టిగా పట్టుకున్నాం. మా అందరికంటే గట్టిగా పట్టుకున్నది సిసెల్. దాని మనిషి మడ్స్ సముద్రం మధ్యలో గాలిమరల మీద పని చేస్తాడు. వెళ్తే రెండు వారాలకు గాని రాడు. ఇంట్లో సిసెల్, ఐదు నెలల కొడుకు విలెస్, కిటికీలోంచి కనబడే సముద్రపు పాయ, అంతే.

ఆ గురువారం పొద్దున ఫోన్ చేసింది.

"రానా వద్దా? వాడికి కాస్త జలుబుగా ఉందే."

"జలుబుకి బయటి గాలే మందు. రా తల్లీ. కెటిల్‌తో కబుర్లు చెప్తున్నానని మొన్న నువ్వే అన్నావు."

"కెటిల్ నయం. కనీసం చివర్లో ఈల వేస్తుంది," అంది. గొంతు నవ్వులా ఉంది గాని నవ్వు కాదది. అందుకే రమ్మని గట్టిగా చెప్పాను.

వచ్చింది. ఫిబ్రవరి నెల. వాన కాదు, మంచూ కాదు, రెండూ కలిసిన సన్నటి తుంపర మొహాన కొడుతోంది. మూడు బండ్లనూ లోనె అనే ఆవిడ నడిపే బేకరీ గోడకు చేర్చి ముసుగులు బిగించి లోపలికి వచ్చాం. లోనెకు అరవై దాటాయి. పిల్లలంటే ఇష్టమే గాని చక్రాలంటే ఇష్టం లేదు. ఆవిడ నేల మీదికి బండి ఎక్కించిన తల్లికి బన్ను కూడా మాడిందే ఇస్తుంది.

మేం కిటికీ పక్కన కూర్చున్నాం. వేడి బన్నులు, వెన్న, చీజ్, కాఫీ. సిసెల్ ఆకలిగా తింది. తింటూ మాట్లాడింది, మాట్లాడుతూ తింది. మడ్స్ వాళ్ళమ్మ పంపిన స్వెట్టరు గురించి చెప్పింది. అది బాబుకో బర్రెకో తెలియట్లేదంది. గ్రూ నవ్వితే ముక్కులోంచి కాఫీ వచ్చినంత పనయింది. సిసెల్ బుగ్గల్లోకి రంగు రావడం చూసి, హమ్మయ్య, పిల్ల మనుషుల్లో పడింది అనుకున్నాను.

మధ్యలో ఒక పొడుగాటి మనిషి వచ్చి రై గింజల నల్ల రొట్టె కొనుక్కున్నాడు. ఊరికి కొత్త. పొయ్యి దగ్గర అవసరానికి మించి ఒక నిమిషం నిలబడ్డాడు. "కాఫీ తాగుతావా బాబూ?" అని లోనె అడిగింది. "వద్దండీ, పాప లేస్తుంది," అంటూ బయటికి చూపించి వెళ్ళిపోయాడు. మేం మళ్ళీ స్వెట్టరు దగ్గరికి వచ్చాం.

అతను వెళ్ళిన కాసేపటికి బయట ఏడుపు మొదలైంది.

ముగ్గురం ఒక్కసారే మాటలాపి చెవి వొగ్గాం. పిల్లలున్న ఆడవాళ్ళు అలా ఆగితే గదిలో గడియారం కూడా ఆగినట్టుంటుంది.

"నాది కాదు," అన్నాను. మా టూవ ఏడుపు రంపం కోసినట్టు ఉంటుంది.

"నాదీ కాదు," అంది గ్రూ.

సిసెల్ ఇంకో క్షణం విని తల అడ్డంగా ఊపింది. "నావాడి గొంతు కాదు. వాడిది బొంగురు. ఇదెవరో ఆడపిల్ల."

"ఎవరిదో, వాళ్ళే వస్తారులే," అంది గ్రూ. ఇంకో బన్ను విరుచుకుంది. వీధిలో అటూ ఇటూ పోయేవాళ్ళ బండ్లు ఎన్ని ఉండవు? సిసెల్ కప్పు ఎత్తి మిగిలిన కాఫీ తాగింది. కథ ఎక్కడ ఆపానే, అంది. చెప్పాను. మళ్ళీ నవ్వుకున్నాం.

కాని ఏడుపు ముందుకూ పోలేదు, వెనక్కూ పోలేదు. ఉన్నచోటే ఉండి పెరిగింది. చివరికి నాకు చిరాకేసి, ఏ తల్లో చూద్దామని లేచాను. బయట ఎవరూ లేరు. మూడు బండ్లు ఉన్నాయి. మూడో బండి ఊగుతోంది, లోపలినుంచి తన్నుతున్నట్టు. అది సిసెల్ బండి నిలబెట్టిన వైపే.

గుండీలు తీశాను. పసుపు టోపీ. ఎర్రగా కందిపోయిన చిన్న మొహం. ఆడపిల్ల, మూడు నెలలుంటాయేమో.

నేను సిసెల్‌ను పిలవలేదు. అది కిటికీలోంచి నా మొహం చూసి తనే వచ్చింది. బండిలోకి చూసింది. బొంత ఎత్తి చూసింది, కింద ఇంకో బిడ్డ ఉంటాడన్నట్టు. తర్వాత కోటు కూడా లేకుండా వీధి మలుపుదాకా పరిగెత్తింది. అక్కడ దారి మూడుగా చీలుతుంది. ఒకటి రేవుకు, ఒకటి వంతెనకు, ఒకటి చర్చి వెనక్కి. మూడు దారుల్లోనూ తుంపర తప్ప ఏమీ లేదు.

"విలెస్!" అని అరిచింది. ఐదు నెలల పిల్లాడు పలుకుతాడా? అయినా అరిచింది.

లోనె వెళ్ళి దాన్ని రెక్క పట్టుకుని తీసుకొచ్చింది. "ఏ దారిన పోతావమ్మా? నువ్వు అటెళ్తే అతను ఇటు రావచ్చు. రొట్టె కొన్న ఆ పొడుగాయనే. తన బండనుకుని మీ బండి తోసుకుపోయాడు. చూసుకోగానే పరిగెత్తుకొస్తాడు."

"ఎలా చూసుకుంటాడు? ముసుగు ఎత్తి చూస్తాడా ఎవడైనా?" అంది సిసెల్.

విలెస్ మంచి నిద్రపోతు. బయట పడుకోబెడితే పూటంతా పడుకుంటాడని అది మా దగ్గర గర్వంగా చెప్పుకునేది. వాడు లేచేదాకా ఆ మనిషికి తెలియదు. అది కూడా అతను నిజంగా పొరపాటునే తీసుకెళ్ళుంటే. ఆ రెండో ఆలోచన ఎవరం పైకి అనలేదు గాని అందరి మొహాల్లోనూ ఉంది.

లోనె పోలీసులకు ఫోన్ చేసింది. వాళ్ళు పక్క పట్నంనుంచి రావాలి. తల్లిని అక్కడే ఉండమనండి, తొంభై తొమ్మిది పాళ్ళు అతనే తిరిగొస్తాడు అన్నారు. ఆ మిగిలిన ఒక పాలే మా నెత్తిన కూర్చుంది. అతని పేరు లోనెకు తెలియదు. ఒడ్డు వీధిలో ఎక్కడో అద్దెకు దిగారని విందట, అంతే. గ్రూ తన పిల్లాణ్ణి నాకొప్పగించి, లోనె సైకిలు తీసుకుని రేవు వైపు పోయింది. నీళ్ళున్న వైపే ముందు వెతకాలనిపించింది దానికి. ఎందుకో ఎవరూ అడగలేదు.

చక్రాలంటే పడని లోనె, మా బండ్లు రెండూ తన చేతుల్తోనే తడి తడిగా లోపలికి లాక్కొచ్చింది. నేను పసుపు టోపీ పిల్లను ఎత్తుకున్నాను. అది ఏడుపు కాదు, చిన్న ఒళ్ళంతా ఒక నోరయిపోయింది. బండి కింద సంచిలో ఒక పాలసీసా దొరికింది, గడ్డ కట్టినట్టు చల్లగా. లోనె వేడినీళ్ళలో పెట్టి ఇచ్చింది. పిల్ల పాలపీకను నోటితో తోసేసింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ తోసేసింది. నా దగ్గర పాలు లేవు. టూవకు మొదటినుంచీ డబ్బా పాలే.

సిసెల్ తలుపు దగ్గర నిలబడి ఉంది. అద్దం మీద దాని ఊపిరి ఆవిరి కట్టడం, అది చేత్తో తుడవడం, మళ్ళీ ఆవిరి కట్టడం. "వాడికి ముక్కు దిబ్బడగా ఉంది. పక్కకు తిప్పి పడుకోబెట్టాను. వెల్లకిలా తిరిగాడేమో," అంటోంది ఎవరితోనో. పిల్ల ఒక్కో కేక వేసినప్పుడల్లా దాని భుజాలు ఉలిక్కిపడుతున్నాయి. కాసేపటికి ఇటు తిరిగింది. స్వెట్టరు ముందుభాగం రెండు చోట్ల తడిసిపోయి ఉంది.

"ఇటివ్వు," అంది.

సరిగ్గా అప్పుడే గ్రూ వచ్చింది, తల నిండా మంచుతో. రేవు దగ్గర ఎవరూ లేరు. మనిషి లేడు, బండి లేదు. సిసెల్ స్వెట్టరు ఎత్తడం చూసి అది నిలబడిపోయింది.

"వాళ్ళమ్మని అడక్కుండా? ఏమైనా అంటే?"

"వాళ్ళమ్మ నంబరు నీ దగ్గరుందా?" అంది సిసెల్. "లేదు కదా. తప్పుకో."

కూర్చుని పిల్లను రొమ్ముకు హత్తుకుంది. పిల్ల రెండుసార్లు తడుముకుని పట్టుకుంది. గదిలో ఏడుపు ఒక్కసారిగా ఆగింది. సిసెల్ చూపు మాత్రం తలుపు మీదనుంచి కదల్లేదు. కళ్ళనుంచి నీళ్ళు కారి పసుపు టోపీ మీద పడుతున్నాయి.

"నేను దీనికి పాలు పట్టానంటే, అక్కడ వాడికి కూడా ఎవరో ఒకరు ఏదో ఒకటి పడతారు. కదే?" అని నన్నడిగింది.

"పడతారు. తప్పకుండా," అన్నాను. మనసులో మాత్రం పొద్దున నేను రమ్మనకపోతే, కెటిల్‌తోనే మాట్లాడుకోనిచ్చి ఉంటే, అని ఒకటే రొద. భయం వేసినప్పుడు నాకు కోపం వస్తుంది. ఆ పొడుగుమనిషి మీద, పోలీసుల మీద, అందరికీ ఒకే రంగు బండ్లు అమ్మినవాడి మీద, కనబడిన ప్రతిదాని మీదా కోపం వచ్చింది. గ్రూ విరిచి వదిలేసిన బన్ను పళ్ళెంలో కనబడింది. దాన్ని తీసుకెళ్ళి చెత్తబుట్టలో పడేశాను.

పిల్ల తాగి తాగి అలాగే నిద్రపోయింది. పోలీసులు రాలేదు. విలెస్ రాలేదు. లోనె రెండోసారి ఫోన్ చేస్తే దారిలో ఉన్నామన్నారు. సిసెల్ ఇప్పుడు ఏడవడం కూడా మానేసింది. అది చూస్తే నాకు ఇంకా భయమేసింది.

అప్పుడు కిటికీ అవతల నల్ల బండి కనబడింది.

లోనె తలుపు బార్లా తెరిచింది. బండి చక్రాలతో సహా నేరుగా లోపలికి వచ్చింది. వెనక ఆ పొడుగుమనిషి. సిసెల్ పిల్లను నా చేతిలో పెట్టి ఒక్క అంగలో బండి దగ్గరికి చేరింది. గుండీలు విప్పే ఓపిక లేక ముసుగు లాగితే ఒకటి ఊడి నేలమీద దొర్లింది. విలెస్ నోరు తెరుచుకుని, సన్నగా గురక పెడుతూ నిద్రపోతున్నాడు. మేమెవరం జన్మలో చెయ్యని పని చేసింది అది. నిద్రపోతున్న బిడ్డను ఎత్తి, కుదిపి, లేపింది. వాడు కళ్ళు తెరిచి, ఈ లోకం మీద కోపం వచ్చినట్టు, బొంగురు గొంతుతో ఏడుపు లంకించుకున్నాడు. అది వాడి మెడలో మొహం దాచుకుంది.

"క్షమించండి," అన్నాడు ఆ మనిషి. "నా పేరు అస్గెర్. అది నా కూతురు ఎలినోర్. పొరపాటు... బండ్లు రెండూ..."

"తెలుసులే బాబూ, కూర్చో," అంది లోనె.

నేను కూర్చోమనలేదు. నా కళ్ళు అతని ప్యాంటు మీద ఉన్నాయి. భుజాలు తడిశాయంటే తుంపర. వెనక, కూర్చునే చోట, అంత తడి ఎక్కడిది?

"ఎక్కడికెళ్ళావు?" అన్నాను.

"వంతెన వైపు."

"వంతెన దిగువ ఒడ్డున బెంచీ ఉంది. దాని మీద కూర్చున్నావా?"

అతను నా వైపు చూసి, తర్వాత సిసెల్ వైపు చూశాడు. అబద్ధం చెప్పొచ్చు. అలవాటు లేనట్టుంది.

"కూర్చున్నాను. ఎంతకీ ఏడవట్లేదేంటని భయమేసి ముసుగు తీసి చూశాను. మా పాప కాదు. వేరే బాబు."

"తీసి చూశాక?"

"వెంటనే వచ్చేద్దామనుకున్నా. తెలుసు, వెంటనే రావాలని. కాళ్ళు రాలేదండీ." చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. "మా ఆవిడ ఆస్పత్రిలో డ్యూటీకి తిరిగి వెళ్ళినప్పట్నుంచి పాప పగలంతా ఏడుస్తూనే ఉంటుంది. సీసా పట్టదు. నేను ఎత్తుకుంటే ఇంకా ఏడుస్తుంది. అక్కడ... ఎవరూ ఏడవట్లేదు. ఈ బాబు నిద్రపోతున్నాడు. నీళ్ళు కనబడుతున్నాయి. ఒక్క నిమిషం అనుకుని కూర్చున్నా. లోపల ఆడవాళ్ళున్నారు కదా, పాప లేస్తే వినబడుతుంది, చూస్తార్లే అనుకున్నా."

"ఒక్క నిమిషమా!" నేను అరిచిన అరుపుకు రెండు బండ్లలోనూ పిల్లలు కదిలారు. "ఇక్కడ ఒక ప్రాణం పోయి వచ్చింది తెలుసా? తెలిసి కూడా కూర్చున్నావా? నువ్వు మనిషివేనా? నీ కూతురు గుక్కపట్టి ఏడ్చి ఏడ్చి..."

"మలీనా," అంది సిసెల్.

అప్పుడే ఫోన్ మోగింది. లోనె ఎత్తి, విని, చేత్తో మూసి, సిసెల్ వైపు చాపింది. "పోలీసాయన. బాబు దొరికాడని చెప్పాను. ఆ మనిషి పొరపాటున తీసుకెళ్ళాడా, తెలిసేనా అని నిన్నే అడుగుతానంటున్నాడు."

అస్గెర్ తల వంచుకున్నాడు. గ్రూ నా వైపు చూసింది. చెప్పు, ఉన్నది ఉన్నట్టు చెప్పు అని నేను కళ్ళతోనే సిసెల్‌కు చెప్పాను. ఇలాంటి మాట ఒకటి కాగితం మీదికి ఎక్కితే, ఆ పిల్ల ఇంటికి పిల్లల సంక్షేమ అధికారులు వస్తారని మాకందరికీ తెలుసు. రానీ, అనుకున్నాను.

సిసెల్ ఏడుస్తున్న విలెస్‌ను భుజాన వేసుకునే ఫోన్ అందుకుంది.

"పొరపాటేనండి," అంది. "బండ్లు ఒకేలా ఉంటాయి ఇక్కడ."

ఫోన్ ఇచ్చేసి అస్గెర్‌తో అంది: "మీ పాప ఆకలికి ఆగలేదు. నేనే పాలిచ్చాను. మీ ఆవిడకి ఆ సంగతి చెప్పు. వంతెన సంగతి కూడా చెప్పు. రెండూ నువ్వే చెప్పాలి."

అతను తల ఊపాడు. నేను పిల్లను అందించబోతే అతని చేతులు వెంటనే రాలేదు. జేబుల్లోనే ఉండిపోయాయి. నిద్రపోతున్న ఆ మొహం వైపు చూస్తూ, "లేస్తుందేమో," అన్నాడు మెల్లగా.

"లేస్తే లేస్తుంది. తీసుకో," అన్నాను. తీసుకున్నాడు. లోనె అతని ముందు కాఫీ పెట్టింది. వద్దనలేదు.

సిసెల్‌ను నేనే ఇంటిదాకా దింపాను. పక్కపక్కనే రెండు బండ్లు తోసుకుంటూ తుంపరలో నడిచాం. నాకు ఉండబట్టలేదు.

"ఎందుకు అబద్ధమాడావే? తెలిసే కూర్చున్నానని నోటితో చెప్పాడు కదా?"

"చెప్పాడు," అంది.

"మరి?"

"ఆ పిల్ల ఏడుస్తుంటే మనమూ విన్నాం కదే. అందరం విన్నాం. అతను అక్కడ బెంచీ మీద కూర్చున్నాడు, మనం ఇక్కడ కుర్చీల్లో కూర్చున్నాం." హేండిలు మీద దాని చేతులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. "మొదటి కేకకే లేచి చూసుంటే అతను వంతెనదాకా కూడా పోయేవాడు కాదు. అప్పుడు నేనేం చేస్తున్నానో తెలుసా? కాఫీ ఇంకో గుక్క ఉందని తాగుతున్నాను. ఎంత బాగుందో ఆ గుక్క."

వంతెన దగ్గరికి వచ్చాం. కింద ఒడ్డున బెంచీ కనబడింది. తడి చెక్క మీద ఒక మనిషి కూర్చున్నంత మేర మాత్రం మంచు పల్చగానే పేరుకుంది. అది చూడనట్టే నటించాను. అదీ నటించింది.

విలెస్ ఏడిచి ఏడిచి అప్పుడే సద్దుమణిగాడు. బండి ఊపుకు మళ్ళీ నిద్రలోకి జారుతున్నట్టున్నాడు. చప్పుడు ఆగిపోయింది. నాలుగడుగులు వేసి సిసెల్ ఆగింది. ముసుగు ఎత్తి చూసింది. మూసింది. ఇంకో పది అడుగులు వేసి మళ్ళీ ఆగి, మళ్ళీ ఎత్తింది. చల్లగాలి మొహాన తగిలి వాడు లేచి, అదే బొంగురు గొంతుతో గగ్గోలు పెట్టాడు.

"అయ్యో, ఊపవే, పడుకుంటాడు," అన్నాను.

"వద్దు," అంది సిసెల్. "ఏడవనీ. వాడి గొంతు వినబడుతుండాలి."

అలాగే ఏడుస్తున్న బండిని తోసుకుంటూ ముందుకు నడిచింది. నా బండిలో టూవ చప్పుడు చెయ్యట్లేదు. హేండిలుకు ఎర్ర రిబ్బను ఉంది, తడిసి నా వేళ్ళకు అంటుకుని ఉంది. ఇది నా బండే. అయినా నా చెయ్యి ముసుగు గుండీల మీదికి పోయింది.